ఉప్పు పడ్డ జాడీ

మా అమ్మకు కన్ను ఒక్కటే. రెండోది చిన్నప్పుడే పోయింది. పెద్దకడుబూరు దగ్గర మా ఊరి చేలో పత్తికట్టెలు పీకుతుంటే ఒకటి ఎదురుతిరిగి గుచ్చుకుందట. మిగిలిన కంటితోనే ఆమె పిల్లల్ని, నాలుగెకరాల మెట్టచేనును, మా నాయనను కనిపెట్టుకుంటూ వచ్చింది. అందరిలోకీ కాపలా ఎక్కువ కావలసింది మా నాయనకే.

ఆయన సారా తాగేవాడు. మరీ ఎక్కువేం కాదు, దొరికినంత. మా ఊరి సారా ఉప్పగా ఉంటుందని ఆయనకు ఒక ఫిర్యాదు ఉండేది. ఇంటికి తెచ్చుకుని తాగినప్పుడల్లా ఉమ్మేసి, సారా కాసేవాణ్ణి తిట్టేవాడు. ఊళ్లో తాగేవాళ్లు ఇంకెవరికీ అది ఉప్పగా తోచేది కాదు. ఆయన నాలుకే చెడిందని అందరూ అనుకున్నారు. తర్వాత కాలేయం కూడా చెడింది.

ఆయన పోయినాక అమ్మ మా ఊరి చర్చిలో, పాస్టరు అయ్యగారి ఎదుట, దేవునికి మాట ఇచ్చింది. సారా ఉన్న ఇంట్లో ఉండను, ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టను అని. బ్రాంది, విస్కీ, రమ్ము అన్నీ ఆమె లెక్కలో సారాయే. పేర్లు మార్చుకున్నంత మాత్రాన ఆమె మోసపోయే మనిషి కాదు. ఒకసారి గోనెగండ్లలో సొంత తమ్ముడి ఇంట్లో భోజనం చేస్తూ, జొన్న మూటల వెనక సీసా మూతి చూసింది. కలిపిన ముద్ద ఆకులోనే వదిలేసి, చెయ్యి కడుక్కుని, ఒక్క మాట మాట్లాడకుండా మిట్టమధ్యాహ్నం ఎమ్మిగనూరు దాకా నడిచింది. అక్కడ బస్సెక్కింది. బస్సెక్కడం ఒక్కటే ఆమె చేసిన రాజీ.

ఇవన్నీ తెలిసినవాణ్ణి నేను. తెలిసి కూడా ఆ ఏడు డిసెంబరులో, కంటి ఆపరేషన్ చేయించి అమ్మను పడుకోబెట్టిన మంచానికి చెయ్యి చాచే దూరంలో, గోడకు అవతల, ఒక జాడీ రమ్ము పెట్టుకుని కాపురం చేస్తున్నాను.

ఆ జాడీ మా ఆవిడది. గుంతకల్లు రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన మనిషి. వాళ్ల నాన్న గూడ్సు గార్డు. పక్క క్వార్టర్‌లో ఉన్న ఆంగ్లో ఇండియన్ దొరసాని దగ్గర వాళ్లమ్మ క్రిస్మస్ కేకు నేర్చుకుందట. దసరా నాటికే కిస్‌మిస్, ఖర్జూరం, చెర్రీలు, చక్కెరలో ఉడికించిన నారింజ తొక్కలు సన్నగా తరిగి, లవంగాలు, దాల్చినచెక్క వేసి, మునిగేదాకా రమ్ము పోసి జాడీకి గుడ్డ కట్టాలి. ఆ పళ్లు పండగ దాకా తాగుతూనే ఉంటాయి. వారానికోసారి తెడ్డుతో తిప్పాలి, తగ్గితే మళ్లీ పోయాలి. నేను కాలేజీలో చదివినంత కాలం నాతో చదివినవాళ్లు చాలామంది చేసిన పనే గానీ, పళ్లు చేస్తే దానికి వంటకం అని పేరు.

మాది ఆదోనిలో రెండు గదుల ఇల్లు. నాకు పత్తి జిన్నింగు మిల్లు ఆఫీసులో ఉద్యోగం. పెళ్లయి వచ్చిన మొదటి ఏడు ఆమె కేకు ఊసెత్తలేదు. రెండో ఏడు, "మా అమ్మ పోయినాక ఆ కేకు మా ఇంట్లో ఎవరూ చెయ్యలేదు. నేను చేస్తా," అనింది. అంతకు ముందు ఆమె నన్ను ఏదీ అడిగి ఉండలేదు. నేను తలకు టవలు చుట్టుకుని బ్రాంది షాపుకు పోయినాను. అక్కడ మా మిల్లు హమాలీలు లేచి నిలబడి, "సార్, ఈ పక్క రాండి సార్, ఈడ కూసోండి," అని జాగా ఇచ్చినారు. టవలు చుట్టుకోవడం వల్ల నేను సాధించింది చెమట ఒక్కటే.

అమ్మకు ఆపరేషన్ కొత్త సంవత్సరంలో అనుకున్నాం. ఎమ్మిగనూరు ఆస్పత్రి డాక్టరమ్మ పొర ముదిరిందని, ఆలస్యం చేయవద్దని డిసెంబరు మొదట్లోనే చేసింది. కొన్నాళ్లు అక్కడే ఉంచి, ఇంటికి తీసుకుపోయి పడుకోబెట్టమనింది. కట్టు విప్పే నాడు మళ్లీ రావాలి. ఆ కాలంలో కంటి ఆపరేషన్ అంటే ఇప్పటి మాదిరి పొద్దున పోయి సాయంత్రానికి టీవీ చూసే వ్యవహారం కాదు. కోసి, కుట్టి, కట్టు కట్టి, ఇక దేవుడి మీద భారం వేసేవాళ్లు.

"వంగకూడదు. బరువెత్తకూడదు. దగ్గకూడదు, తుమ్మకూడదు, ఏడవకూడదు. దడదడ లేచి నడవకూడదు. కుట్టు తెగిందంటే కన్ను పోయినట్టే. ఈమెకు ఇంకోటి కూడా లేదు," అని డాక్టరమ్మ మా ఇద్దరికీ చెప్పింది. కొంచెం ఆగి, "ముఖ్యంగా కోపం తెచ్చుకోనియ్యద్దండి," అనింది.

మా ఆవిడ నా మొహం చూసింది. నేను గోడ మీది క్యాలెండరు చూసినాను.

మిల్లు జీపు అడిగి తెచ్చి, గతుకు కనబడినప్పుడల్లా డ్రైవరును బతిమాలుకుంటూ ఆదోని చేరినాం. ఒక్క కంటికే కట్టు. అయినా ఆమెకు లోకమంతా కట్టేసినట్టే. మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి తలకు రెండు పక్కలా దిండ్లు ఆనించినాం. దూదికి మా ఊళ్లో కరువు లేదు గదా, దిండ్లు బాగా మెత్తగానే ఉన్నాయి.

సాయంత్రానికి అమ్మ ముక్కు పని మొదలుపెట్టింది.

"ఏందిరా ఈ వాసన?"

"ఏం వాసనమ్మా?"

"లవంగాలు. దాని కింద ఇంకేందో ఉంది."

దాని కింద అన్న మాటకు నేను బాగున్న దిండునే మళ్లీ సర్దినాను. "స్పిరిటు. ఆస్పత్రిలో నీ కట్టుకు పూసినారు గదా."

"మరి లవంగాలు?"

"నాకు పన్ను నొప్పి. లవంగం పెట్టుకున్నా."

"యా పన్ను?"

"ఎడమ పక్కది."

"ఉప్పునీళ్లు పుక్కిలించు. లవంగాలకు యాడ తగ్గుతాది? అమ్మీ, ఉప్పు యాడ పెట్టుకుంటారు మీరు?"

మా ఆవిడ లోపలినుంచి, "పొయ్యి పక్క గూట్లో, అత్తా. మట్టి పిడతలో," అనింది.

ఆ పూట నుంచి నేను కుడి పక్కనే నమలడం, పూటపూటకూ ఆమె వినేటట్టు గట్టిగా పుక్కిలించడం మొదలైంది. అబద్ధం చెప్పడం సులభం. దానికి పుక్కిలించడమే కష్టం.

ఇంత భయం ఉన్నవాడివి జాడీ బయట పారేయరాదా అని మీరు అనచ్చు. మేమూ అనుకున్నాం. పారబోసేది యాడ? పెరట్లో పోస్తే వాసన నేరుగా అమ్మ ముక్కు దాకా వస్తుంది. మా వాకిట్లో కాలువ ఇంటి ఓనరు గడప ముందునుంచి పోతుంది. ఆయన ఐదుపూటలా నమాజు చేసే పెద్దాయన. మా రమ్ము ఆయన గడప దాటేలోపే మా సామాను కూడా దాటుతుంది. ఎవరింట్లోనన్నా దాచిపెడదామంటే అదో చిక్కు. జాడీ పెట్టుకోవడానికి ఒప్పుకునేవాళ్లంతా అది తాగేవాళ్లు. తాగనివాళ్లెవరూ ఒప్పుకోరు. మిల్లులో పెడదామంటే చుట్టూ దూది. నిప్పురవ్వకే గజగజలాడే చోట స్పిరిటు జాడీ పెట్టినవాడని పేరు తెచ్చుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

అన్నిటికీ మించి, మా ఆవిడ ఆ జాడీ ముందు నిలబడి, "పారేయాలంటే పారేద్దాం," అన్న తీరు. ఆ మాట ఆమె అన్నది గానీ, ఆమె చెయ్యి మాత్రం జాడీ మూత మీదనే ఉంది.

కాబట్టి జాడీకి ఇంకో రెండు గుడ్డలు కట్టి, బియ్యం బస్తా వెనక్కు తోసి, దాని ముందు ఉల్లిగడ్డల బుట్ట పెట్టినాం. మా ఆవిడ పూటకోసారి తిరగమాత వేసేది. ఎండుమిరపకాయలు వేయకుండా వేసేది, అమ్మకు దగ్గు వస్తే కన్ను పోతుందని. ఇంగువ మాత్రం వేసేది. ఆ పదిహేను రోజులు మా ఇంటి పప్పులో ఉన్నంత ఇంగువ ఆదోనిలో ఇంకే పప్పులోనూ ఉండి ఉండదు.

ఆదివారం మధ్యాహ్నం ఆదోని చర్చి పాస్టరు అయ్యగారు, గుంతకల్లు నుంచి బదిలీ మీద వచ్చినాయన, ప్రార్థన చేయడానికి వచ్చినారు. ఉన్న కుర్చీ ఒకటే. దాన్ని వంటింటి గుమ్మానికి ఆనించి వేసినాం. ఆయన కూర్చుని, కళ్లు మూసుకుని, "పరలోకమందున్న మా తండ్రీ," అని మొదలుపెట్టి, ఊపిరి పీల్చి, ఆగినారు. మళ్లీ పీల్చినారు. తర్వాత ప్రార్థన ముందుకు సాగింది గానీ, ఎందుకో మామూలుకంటే నిదానంగా, ఆ గుమ్మం వదిలి లేవడం ఇష్టం లేనట్టు సాగింది.

ఆమెన్ అయినాక అమ్మ, "అయ్యగారూ, ఒక మాట అడగాల," అనింది.

"అడగమ్మా."

"దేవునికి ఒక మాట ఇచ్చినా. ఇప్పుడు డాక్టరమ్మకు ఒక మాట ఇచ్చినా. రెండూ ఒకదానికొకటి అడ్డమొస్తే ముందు యాది నిలబెట్టుకోవాల?"

గుమ్మం అవతల మా ఆవిడ చేతిలో గరిటె ఆగిపోవడం నాకు వినబడింది. వినబడకుండా పోవడం వినబడింది అనాలేమో.

అయ్యగారు నవ్వినారు. "మోకాళ్లూని ప్రార్థన చేసుకోలేకపోతున్నానని బాధ గదా నీకు? పడుకునే చేసుకోమ్మా. దేవుడు ఏమీ అనుకోడు."

"అది కాదు అయ్యగారూ."

"ఏదైనా సరేనమ్మా. కన్ను ఇచ్చినవాడే కోపగించుకుంటాడా?"

ఆయనను సాగనంపడానికి సందు చివరిదాకా పోతే, సైకిలెక్కుతూ, "కేకు కోసినప్పుడు పాస్టరుకు ఒక ముక్క పంపే ఆచారం గుంతకల్లులో ఉంది," అన్నారు. "ఆదోనిలో కూడా ఉంటే బాగుంటుంది."

ఆ రాత్రి నిద్రపట్టలేదు. పన్ను నొప్పి వల్ల అని అమ్మకు చెప్పినాను. పాస్టరుకు తెలిసిందంటే నాకు భయం లేదు. అమ్మ అడిగిన ప్రశ్నే భయం. దేవునికి ఆమె ఇచ్చిన మాట నాకు తెలిసి ఒక్కటే. అది ఇప్పుడు ఆమెకు గుర్తుకొచ్చిందంటే, ముక్కు ఏదో పసిగట్టిందనే అర్థం. లేస్తే గోనెగండ్ల నాటి మాదిరే లేస్తుంది. కన్ను కనబడదని ఆగే రకం కాదు. గోడ పట్టుకుని, మెట్లు దిగి, బస్టాండు యాడని దారినపోయేవాళ్లను అడుగుతూ పోతుంది. ఆదోని బస్టాండు నుంచి మా ఊరికి పోయే ఆ బస్సు, ఆ దారి, కుట్లు లేని కళ్లనే కుదిపి తీసేది.

మరుసటిరోజు మిల్లులో పత్తి బండ్లు వరుసకట్టి ఉన్నాయి. మనసు నిలవక పది నిమిషాలు ఇంటికి పోయి వస్తానని చెప్పి మధ్యలో వచ్చినాను. తలుపు దగ్గరకు వేసి ఉంది. మా ఆవిడ వీధి కొళాయి దగ్గర బిందెల వరుసలో ఉంది, వచ్చేటప్పుడు చూసినాను.

తలుపు తోసినాను. మంచం ఖాళీగా ఉంది. దిండ్లు రెండూ పక్కకు జరిపి, దుప్పటి మడిచి పెట్టి ఉంది. దుప్పటి మడత చూసి నేను మళ్లీ మెట్ల వైపు తిరిగినాను. అమ్మ ఏ ఇంటినుంచైనా శాశ్వతంగా పోయేటప్పుడు దుప్పటి మడిచే పోతుంది.

అప్పుడు వంటింట్లోనుంచి మాట వచ్చింది.

"ఎవరు?"

గుమ్మంలోకి పోయి చూసినాను. అమ్మ నేలమీద కూర్చుని ఉంది. వీపు గోడకు నిటారుగా ఆనించి, తల అంగుళం కూడా వంచకుండా, గవర్నరు ఫోటోకు కూర్చున్నట్టు కూర్చుని ఉంది. ఒళ్లో ఉప్పు పిడత. కాళ్ల మధ్య జాడీ. గుడ్డలు మూడూ విప్పి, మడిచి పక్కన పెట్టింది. కుడిచెయ్యి మోచేతిదాకా జాడీలో ఉంది. ఇల్లంతా బ్రాంది షాపు మాదిరి గుప్పుమంటోంది.

"నేనేనమ్మా," అన్నాను.

"ఈ ఊరగాయలో ఉప్పు చాల్లేదు," అనింది అమ్మ, మొహం నా వైపు తిప్పకుండా. "వేసినా. కలుపుతాండా."

"వంగినావా అమ్మా?"

"వంగలా. గోడకానుకుని జారుకుంటా కూసున్నా. లెయ్యాలంటే మాత్రం నువ్వే లేపాల."

చంకల కింద చేతులు వేసి, గుడ్డును ఎత్తినట్టు ఎత్తినాను. చెయ్యి కడిగినాను. అడుగులో అడుగు వేయించి మంచం మీద పడుకోబెట్టినాను. నేను అడగలేదు. ఒక ప్రశ్న అడిగితే ఒక సమాధానం వస్తుంది, ఆ సమాధానానికి కోపం వస్తుంది, ఆ కోపానికి కన్ను పోతుంది. నోరు మూసుకుని ఉండడం నేను జీవితంలో మొదటిసారి ఆ మధ్యాహ్నమే నేర్చుకున్నాను.

మా ఆవిడ బిందెతో వచ్చి, జాడీ చూసి, పిడత చూసింది. పిడత దాదాపు ఖాళీ. తెడ్డు ముంచి నాలుకకు రాసుకుని, కళ్లు గట్టిగా మూసుకునింది. పెరట్లోకి పోయి కొంచెంసేపు నిలబడి వచ్చింది.

"ఊరగాయ అనుకునింది," అని గుసగుసగా చెప్పినాను. "పల్లెటూరి మనిషి. జాడీ అంటే ఊరగాయే గదా. ఉప్పు చూడకుండా ఉండలేదు."

"ఊరగాయలో కిస్‌మిస్ ఉంటాయా?"

"ఆమెకు కిస్‌మిస్ యాడ తెలుసు?"

ఆమె, "పళ్లు పోతే పోయినాయి. కన్ను నిలబడితే చాలు," అని జాడీకి మళ్లీ గుడ్డ కట్టింది. నేను కట్టిన కథను నేనే నమ్మాలని ప్రయత్నించినాను. ఊరగాయ అనుకునింది. సారా అని తెలిసి ఉంటే ఈపాటికి బస్టాండులో ఉండేది. అక్కడ లేదు కాబట్టి తెలియదు. లెక్క సరిగానే ఉంది. అయినా పాస్టరును అడిగిన ప్రశ్న ఆ లెక్కలో ఎక్కడా ఇమడలేదు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు అమ్మ, "కన్ను సలుపుతాంది," అనింది.

నా లెక్కలన్నీ అక్కడితో ఆగిపోయినాయి. నేలమీద కూర్చున్నప్పుడు ఎంత జారిందో, లేపేటప్పుడు నేనెంత కుదిపినానో, జాడీ లాక్కునేటప్పుడు ఎంత బలం పెట్టిందో ఎవరికి తెలుసు? కట్టు విప్పేదాకా లోపల ఏముందో చూసే దారి లేదు. కట్టు మీద తడి ఉందా అని మా ఆవిడ వేలితో తాకి చూసేది. లేదనేది. ఒక గంటకు మళ్లీ చూసేది. నేను మిల్లులో పత్తి తూకాలు తప్పు చదివి, తప్పని చెప్పినవాళ్ల మీద కోప్పడి, తర్వాత క్షమాపణ అడిగినాను. ఒక సీసా రమ్ము. అదీ పళ్లు తాగడానికి. దానికోసం మా అమ్మ లోకం చీకటి కావాలా అని అదే పనిగా అనిపించేది. పుక్కిలించడం మాత్రం మానలేదు. మానితే అమ్మ ఎందుకని అడుగుతుంది.

కట్టు విప్పే నాడు మళ్లీ మిల్లు జీపు. ముందు సీట్లో అమ్మ, వెనక మేమిద్దరం. డ్రైవరు ఏదో చావుకు పోతున్నట్టు నడిపినాడు.

డాక్టరమ్మ గది కిటికీకి పచ్చ తెర వేసి ఉంది. కట్టు విప్పే ముందు నేను, "మేడమ్, మధ్యలో ఒకసారి నేలమీద కూర్చుంది," అని చెప్పేసినాను.

"వంగిందా?"

"లేదంటుంది."

"ఎందుకు కూర్చుంది?"

"ఉప్పు వేయడానికి," అన్నాను. డాక్టరమ్మ నా వైపు చూసిన చూపులో ఈసారి నాకు కూడా ఏదో పరీక్ష చేయాలన్న ఆలోచన కనబడింది.

గాజుగుడ్డ ఒక్కొక్క చుట్టుగా ఊడివచ్చింది. చివర దూది తీసి, తడి గుడ్డతో తుడిచి, "మెల్లగా తెరువమ్మా," అనింది. అమ్మ తెరిచింది. ఎర్రగా ఉంది. నీళ్లు కారుతున్నాయి. అది ఉండవలసిన ఎరుపో, ఉండకూడని ఎరుపో నాకు తెలియలేదు. డాక్టరమ్మ టార్చి వేసి చూసింది. పక్కనుంచి చూసింది. మళ్లీ చూసింది. మందమైన అద్దం ఒకటి కంటి ముందు పట్టుకుని, దూరంగా చెయ్యి ఎత్తింది.

"ఎన్ని వేళ్లు?"

మా ఆవిడ నా చొక్కా చెయ్యి పట్టుకునింది.

"ఎన్నమ్మా?"

"మూడు," అనింది అమ్మ. "మధ్యవేలికి ఉంగరం వదులైంది తల్లీ. దారం చుట్టుకో, యాడన్నా జారిపోతాది."

డాక్టరమ్మ చేతిని తనవైపు తిప్పుకుని ఉంగరం చూసుకునింది. "కుట్లు బాగున్నాయి. సలుపు రెండు మూడు రోజులు మామూలే," అనింది. నేను బయటికి వచ్చి వేపచెట్టు కింద నిలబడి ముక్కు చీదుకున్నాను. మా ఆవిడ లోపలే ఏడ్చింది. ఆమెకు ఏడవకూడదని ఎవరూ చెప్పలేదు.

తిరుగుదారిలో అమ్మ కంటికి నల్లద్దాలు. ఊరు దాటేదాకా చేలు చూస్తూ కూర్చుంది. తర్వాత ముందుకే చూస్తూ అడిగింది.

"పన్ను తగ్గిందా?"

"తగ్గిందమ్మా."

"తగ్గుతాది. లేని నొప్పి తగ్గేదానికి ఎంతసేపు?"

జీపులో గాలి ఆగిపోయింది. గాలి వస్తూనే ఉంది నిజానికి.

"మీ నాయన సీసాలో కూడా అట్లే వేసేదాన్ని," అనింది. "ఆయప్ప పడుకున్నాక పిడికెడు ఉప్పు. ఉప్పు పడితే సారా చచ్చిపోతాది. తాగినా ఎక్కదు. నీ ఇంట్లో కాలు పెట్టిన పూటే తెలిసింది నాకు. లవంగాలట, స్పిరిటట. ముప్ఫై ఏండ్లు ఆ వాసన పక్కలో పడుకున్నా నేను."

"మరి అప్పుడే..."

"డాక్టరమ్మకు మాట ఇచ్చినా గదా, దడదడ లేచి నడవనని, కోపం తెచ్చుకోనని. దేవునికి ఇచ్చిన మాటేమో, సారా ఉన్న ఇంట్లో ఉండనని. నేను లేచిపోలేను. అదైనా పోవాల గదా ఇంట్లోనుంచి. అందుకే సంపేసినా. సచ్చినాక అది సారా కాదు. రెండు మాటలూ నిలిచినాయి."

నాకు చిన్నప్పటి మా నాయన, గోడకానుకుని ఉమ్మేస్తూ సారా కాసేవాణ్ణి తిట్టడం గుర్తుకొచ్చింది. పాపం, ఆ సారా కాసేవాడు జీవితాంతం అనవసరంగా తిట్లు తిన్నాడు.

"అత్తా, అది తాగేదానికి కాదు. కేకు కోసం," అని మా ఆవిడ వెనకనుంచి మెల్లగా చెప్పింది.

"తెలుసమ్మీ. చెయ్యి పెట్టినా గదా. ఖర్జూరం తెలీదా నాకు? నీ మీద కోపం లేదు." ఆమె నల్లద్దాలు సర్దుకునింది. "కోపమంతా వీని మీదనే. ఇన్ని దినాలు లోపల పెట్టుకున్నా, కన్ను వచ్చినాక తిడదామని."

ఆ తర్వాత తిట్టింది. ఆదోని కొండలు కనబడేదాకా తిట్టింది. పూటపూటకూ కూడబెట్టుకున్న కోపం కాబట్టి ఏదీ మరిచిపోలేదు; నేను పుక్కిలించిన చప్పుడును కూడా అనుకరించి చూపించింది. డ్రైవరు నా పరువు కోసం హారన్ కొడుతూ నడిపినాడు గానీ, ఆ దారిలో హారన్ కొట్టవలసింది ఏమీ లేదు.

పళ్లను మా ఆవిడ జల్లెడలో పోసి గోరువెచ్చని నీళ్లతో ఎన్నిసార్లు కడిగిందో. కడిగిన నీళ్లు పెరట్లో గుంత తవ్వి పోసినాం. సారా కాదని తేలినాక కూడా ఇంటి ఓనరు గడప మీద మాకు నమ్మకం లేదు. తర్వాత వెన్న, చక్కెర గిలకొట్టి, కోడిగుడ్లు, మైదా, మాడ్చిన చక్కెర పాకం కలిపి, ఆ పళ్లు వేసి రెండు రేకు డబ్బాల నిండా పిండి పోసింది. ఇంట్లో కేకు కాల్చే పొయ్యి ఎవరికి ఉంది? మా వీధి మలుపులో సాయిబు బేకరీ. రొట్టెలు అయినాక బట్టీ వేడి ఉండగానే తీసుకురమ్మని ఆయన ముందే చెప్పి ఉన్నాడు.

డబ్బాల మూత తీసి చూసి, వాసన చూసి, నా మొహం చూసినాడు.

"ఏం వేసినారన్నా ఇందులో?"

అబద్ధాలతో నాకు అప్పటికి విసుగు పుట్టి ఉంది. రమ్ము సంగతి, అమ్మ సంగతి, ఉప్పు సంగతి ఉన్నదున్నట్టు చెప్పినాను. వద్దంటే తీసుకుపోతానన్నాను. ఆయన గడ్డం నిమురుకుంటూ చాలాసేపు ఆలోచించినాడు. వెనక బట్టీలో బొగ్గులు చల్లారుతున్నాయి. మా ఆవిడ డబ్బాలు పట్టుకుని ఎండలోనే నిలబడి ఉంది.

"ఉప్పేసి సంపినాదా పెద్దమ్మ?"

"పిడతెడు."

"మా పెద్దోళ్లు కూడా ఒక మాట చెప్తారు. శరాబులో ఉప్పేసి పెడితే సిర్కా, అదే వెనిగరు, అయితాది, సిర్కా తప్పులేదని. ఇది ఎంత సిర్కా అయిందో అల్లాకే తెలియాల." ఇంకా కొంచెం ఆలోచించినాడు. "మా రేకుల మీద వద్దు. కింద ఇటుకలు పేర్చి పెడతా. ఇటుకలు రేపు మార్చుకుంటా."

కేకులు నల్లగా, బరువుగా, పైన చిన్న పగులుతో వచ్చినాయి. పండగనాడు చర్చి నుంచి వచ్చినాక మా ఆవిడ మొదటి ముక్క కోసి అమ్మకిచ్చింది. ఇచ్చి అక్కడే నిలబడింది. ఆ నిలబడడం నేను డాక్టరమ్మ గదిలో చూసిన నిలబడడమే. అమ్మ ముక్కను కంటికి దగ్గరగా పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, చెర్రీని గోటితో గిల్లి చూసి, తినింది. నిదానంగా నమిలింది.

"ఉప్పు కొంచెం ఎక్కువైంది," అనింది. "తప్పు నాదేలే."

ఇంకో ముక్క అడిగింది. పాస్టరు అయ్యగారు పంపిన ముక్క తిని, గుంతకల్లులో కేకు ఇట్లా ఉండేది కాదే అన్నారట. సాయిబు తన ముక్కను ముట్టుకోలేదు గానీ, రంగు బాగా వచ్చిందని తన బట్టీని మెచ్చుకున్నాడు.

మరుసటి ఏడు దసరా అయినాక, పెద్దకడుబూరు బస్సు కండక్టరు మా మిల్లు గేటు దగ్గర ఒక గుడ్డ మూట ఇచ్చిపోయినాడు. మీ అమ్మ ఇచ్చిందన్నాడు. విప్పితే రాళ్లుప్పు. ఇంటికి తీసుకుపోయి మా ఆవిడకిచ్చినాను. ఆమె అప్పుడే ఖర్జూరం తరుగుతోంది. ఉప్పు చూసి, జాడీలో చిటికెడు వేసి గుడ్డ కట్టింది. మిగిలింది ఆ ఏడంతా పప్పులో వాడుకున్నాం.